మరంగ్ గోమ్కే జైపాల్ సింగు

లోకమున కీర్తి గడించినవారు రెండు తెఱగులవారు. తాము నాటిన చెట్టు ఫలములను తామే యనుభవించి, ప్రజల జేజేలు చెవులార విని, తృప్తులై పోవువారు కొందఱు. నాటుట, నీరు పోయుట, కంచె గట్టుట తమ వంతుగా జేసి, కాపు వచ్చు వేళకు తోటలో లేనివారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారి చరిత్రములే యువజనులు శ్రద్ధతో చదువదగినవి. ఒలింపిక్ క్రీడలలో భారత హాకీ జట్టునకు ప్రథమ నాయకుడును, రాజ్యాంగసభలో అడవిబిడ్డల కంఠమును అయిన జైపాల్ సింగు ముండా అట్టివారిలో నొకడు.

ఆయన 1903వ సంవత్సరము జనవరి 3వ తేదీన, ఛోటానాగపూరు పీఠభూమియందు ఖూంటీకి సమీపమునగల టకరా పహన్‌టోలీ యను ముండా పల్లెలో జన్మించెను. తండ్రి అమ్రు పహన్. బాల్యమున ఇంటివారు పిలిచిన పేరు ప్రమోద్ పహన్. ముండాల పల్లెలలో పహన్ అనగా గ్రామదేవతల పూజ జరుపు పెద్ద. ముండా యనగా గ్రామపు పెత్తనము వహించువాడు. అడవి నఱికి తొలుత పొలము చేసిన కుటుంబముల సంతతివారికి ఆ భూమిపై ఉమ్మడి హక్కు గలదని వారి యాచారము. దానిని ఖూంట్‌కట్టీ యందురు. పట్టా, సర్వే నంబరు, శిస్తు అను మాటలు పుట్టకముందే పుట్టిన హక్కు అది. అయినను జమీందారులు, వడ్డీవ్యాపారులు, కచేరీలు ఆ కొండలలో ప్రవేశించిన పిమ్మట, వ్రాతలేని హక్కు వ్రాతగల కాగితము ముందు నిలువలేకపోయెను. బిర్సా ముండా నడపిన తిరుగుబాటు ఈ యన్యాయమునుండియే పుట్టినది. బిర్సా 1900 జూన్ 9న రాంచీ చెఱసాలలో కన్నుమూసెను. తరువాత 1908లో వచ్చిన ఛోటానాగపూరు కౌలుదారీ చట్టము ముండాల ఉమ్మడి హక్కును గుర్తించి, వారి భూములు అన్యాక్రాంతము కాకుండ కొన్ని కట్టుబాట్లు చేసెను. బిర్సా గతించిన మూడేండ్లకు, ఆ చట్టము పుట్టుటకు అయిదేండ్లు ముందు, జైపాల్ పుట్టెను.

మన శ్రీకాకుళ మన్యమున సవరలు మాటాడు భాషయు, ముండాల భాషయు ఒక్క కుటుంబమునకు చెందినవే. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి కృషి నెఱిగిన తెలుగువారికి ముండాలు బొత్తిగా పరాయివారు కారు.

పల్లెలో పసులను కాచుచు పెరిగిన ఆ బాలుడు 1911లో రాంచీయందలి సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరెను. అచ్చటి ప్రధానోపాధ్యాయుడు కానన్ కాస్‌గ్రేవ్ అను ఆంగ్లేయ మతగురువు. బాలుని బుద్ధిని, చురుకుదనమును గుర్తించి, అతడు స్వదేశమునకు పోవుచు 1918లో శిష్యుని తనవెంట ఇంగ్లండునకు గొనిపోయెను. మహాభారతములో ఏకలవ్యుడు గురువు నాశ్రయింపబోగా ఆ గురువు విద్య నేర్పక, చివరకు బొటనవ్రేలు పుచ్చుకొనెను. జైపాల్‌నకు అంతటి గురుదారిద్ర్యము పట్టలేదు. కాంటర్‌బరీలోని సెయింట్ అగస్టీన్ కళాశాలలో కొంతకాలము చదివి, 1922లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్స్ కళాశాలయందు ప్రవేశించెను. అర్థశాస్త్రమున గౌరవపట్టము పొందెను. కళాశాల వక్తృత్వ సభకు అధ్యక్షుడయ్యెను. హాకీ ఆటలో ఆ విశ్వవిద్యాలయమువారి మేటి గౌరవమగు బ్లూ బిరుదమును సంపాదించెను. ఆటను గూర్చి ఇంగ్లండు పత్రికలకు వ్యాసములు కూడ వ్రాయుచుండెను.

ఆ కాలపు హాకీలో పదునొకండుగురు ఆటగాండ్రలో ముందువరుస దాడి చేయువారు అయిదుగురు, నడుమ ముగ్గురు, వారి వెనుక బ్యాక్ లనబడు ఇద్దఱు రక్షకులు, అందఱికిని వెనుక గోల్ కాపరి యుండెడివారు. జైపాల్ బ్యాక్ స్థానమున నాడెడివాడు. బంతిని గోలులో వేసినవాని పేరు మఱునాడు పత్రికలో వచ్చును. పడనీయక ఆపినవాని పేరు తఱుచుగా రాదు. ఎదుటివాడు ఎటు తిరుగునో ముందుగా కనిపెట్టి, తొందరపడక నిలిచి, సమయమునకు బంతిని త్రిప్పికొట్టుటయే బ్యాక్ ధర్మము. ఆయన స్వభావమునకు అది తగిన స్థానము. తరువాతి జీవితమంతయు ఆయన చేసినది అట్టి కావలి పనియే.

పట్టము పుచ్చుకొన్న పిమ్మట ఆయన ఐ.సి.యస్. పరీక్షలో కృతార్థుడై శిక్షణ పొందుచుండెను. ఆ యుద్యోగము నాడు భారతీయునకు అందదగిన పదవులలో శిఖరమువంటిది. జిల్లా కలెక్టరు ముందు కరణములు, తహసీల్దారులే కాదు, జమీందారులు సైతము చేతులు కట్టుకొని నిలుచు దినములవి. పసులకాపరి యగు ముండా బాలుడు ఆ పీఠము నెక్కుట యన్నది అతని పల్లెవారు కలలోనైన తలపని సంగతి.

అట్టి సమయమున, 1928లో ఆంస్టర్‌డాం నగరమున జరుగనున్న ఒలింపిక్ క్రీడలకు భారతదేశము తొలిసారిగా హాకీ జట్టును పంప నిశ్చయించెను. భారత హాకీ సమాఖ్య 1925లో గ్వాలియరునందు స్థాపితమై అప్పటికి మూడేండ్లు నిండలేదు. ఆ జట్టునకు నాయకుడుగా జైపాల్‌ను కోరిరి. ఆయన సెలవు నిమిత్తము లండనునందలి ఇండియా ఆఫీసువారికి అర్జీ పెట్టుకొనెను. సెలవు దొరకలేదు. ఏకలవ్యుని యడిగిన బొటనవ్రేలే యిప్పుడు మఱియొక రూపమున ఆయనను అడుగబడినది: కఱ్ఱను వదలినచో పదవి, పట్టినచో పదవికి ముప్పు. ఆయన కఱ్ఱనే పట్టెను. సెలవు లేకయే జట్టుతో చేరెను.

ఆటగాండ్రు 1928 మార్చి 10న బొంబాయిలో ఓడ నెక్కిరి. వారిని సాగనంప వచ్చినవారు ముగ్గురు మాత్రమే. జట్టునకు ఖర్చులు సమకూర్చుటయే సమాఖ్యవారికి కష్టమయ్యెను. ఇంగ్లండులో జైపాల్ వారిని కలసికొనెను. సైన్యములో సామాన్య సిపాయిగానుండిన ధ్యాన్‌చంద్, ఆంగ్లోఇండియనులగు పిన్నిజర్, అలెన్ మున్నగువారు, పంజాబు ముస్లిములు, ఒక ముండా నాయకుడు. వేర్వేఱు మతములకు, భాషలకు చెందిన యువకులు ఒక్క జట్టుగా కూడిరి. ఇంగ్లండులో వారు గెలిచిన ఆటలు చూచినవారికి, రాబోవు ఫలితమును గూర్చి సందేహము లేకపోయెను.

ఆంస్టర్‌డాంలో మే 17న ఆస్ట్రియాపై 6 గోళ్లు, 18న బెల్జియముపై 9, 20న డెన్మార్కుపై 5, 22న స్విట్జర్లండుపై 6 గోళ్లు చేసి భారతజట్టు తుదిపోటీకి చేరెను. ఎదుటివారు ఒక్కటియు వేయలేకపోయిరి. మే 26న సొంతగడ్డపై ఆడు హాలండు జట్టును 3 గోళ్లతో గెలిచి స్వర్ణపతకము సాధించిరి. మొత్తము 29 గోళ్లు చేసి, ఒక్కటియు ఇయ్యకుండుట ఆ జట్టు ఘనత. ఇరువదితొమ్మిదింటిలో 14 ధ్యాన్‌చంద్ వేసినవి. ఆ సున్న గోల్ కాపరి అలెన్‌దియు, రక్షకులదియు. భారతదేశమునకు ఒలింపిక్ క్రీడలలో అదియే మొదటి స్వర్ణము.

అయితే తుదిపోటీనాడు నాయకుడు మైదానములో లేడు. జట్టు నిర్వాహకులతో ఏర్పడిన విభేదముచేత జైపాల్ అంతకుముందే జట్టును వీడెను. తుదియాటలో పిన్నిజర్ నాయకత్వము వహించెను. తనకు రానున్న రాజోద్యోగమును పణముగా బెట్టి ఏ యాట కొఱకు వచ్చెనో, ఆ యాట ముగింపు ఘడియ ఆయనకు దక్కలేదు. దీనిని గూర్చి ఆయనను నిందించినవారు గలరు, సమర్థించినవారు గలరు. ఆత్మగౌరవము ఒక్కొకప్పుడు మనుష్యునిచేత ధర్మమగు పనిని చేయించును, ఒక్కొకప్పుడు నష్టమగు పనిని చేయించును. రెండును ఒకే పనిలో కలసియుండుటయు కలదు. ఏది ఎట్లున్నను, తొలి స్వర్ణపు జట్టు నాయకుడని చరిత్రలో వ్రాయబడినది ఆయన పేరే.

ఆయన తిరిగి పోగా, అనుమతిలేక గైరుహాజరైనందున శిక్షణ మఱియొక సంవత్సరము చేయవలెనని ప్రభుత్వమువారు విధించిరి. ఆయన ఒప్పుకొనక ఐ.సి.యస్. నే త్యజించెను. కోరిన కొలువు దొరకక విడిచినవారు లోకమున పెక్కుమంది. చేతికందిన కొలువును విడిచినవారు అరుదు.

తరువాత బర్మా షెల్ కంపెనీలో ఉద్యోగియై కలకత్తా చేరెను. అచ్చట ఆయన హాకీ సేవ మఱియొక రూపు దాల్చెను. మోహన్ బగాన్ క్లబ్బు అప్పటికే ఫుట్‌బాల్ ఆటలో వంగదేశమున ప్రసిద్ధి కెక్కినది. ఆ క్లబ్బులో 1929లో హాకీ జట్టును నెలకొల్పి, దానికి నాయకుడై పోటీలకు నడపినది జైపాల్ సింగే. ఆడుట మానిన పిమ్మట బెంగాలు హాకీ సంఘమునకు కార్యదర్శిగా పనిచేసెను. ఆట చూడవచ్చినవారికి మైదానము, ఆటగాండ్రు, ఈల పట్టిన అంపైరు మాత్రమే కనబడుదురు. ఆటల పట్టిక తయారుచేయుట, మైదానము కుదుర్చుట, అంపైరులను నియమించుట, తగవులు తీర్చుట, చందాలు వసూలుచేసి లెక్క చూపుట అను పనులు చేయువాడు కనబడడు. గ్రంథాలయమో, దేవాలయమో, సహకార సంఘమో నడపినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కరలేదు. ఒలింపిక్ నాయకుడైనవాడు ఇట్టి పనికి పూనుకొనుట ఆయన పెద్దఱికమును తెలుపును.

కలకత్తాలోనున్న కాలముననే కాంగ్రెసు మహాసభ ప్రథమాధ్యక్షుడగు డబ్ల్యు. సి. బెనర్జీ మనుమరాలు తారా మజుందారును వివాహమాడెను. పిమ్మట ఆఫ్రికాలో, నేడు ఘనాగా పిలువబడు గోల్డుకోస్టు దేశమందలి అచిమోటా కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1937లో మరల స్వదేశమునకు వచ్చి రాయపూరు రాజకుమార కళాశాలలో పనిచేసి, అటుపై బికనీరు సంస్థానమున రెవెన్యూ వ్యవహారములు చూచెను. మడతలు నలగని దుస్తులు, ఆక్సుఫర్డు ఉచ్చారణ, రాజాస్థానపు కొలువు. చూచువారికి ఆయన జీవితము స్థిరపడినదనియే తోచియుండును.

కాని 1938లో రాంచీ ప్రాంతమున ఆదివాసి మహాసభ వెలసెను. 1939 జనవరిలో జరిగిన సభకు అధ్యక్షత వహింపుమని జైపాల్‌ను పిలిచిరి. పల్లెలనుండి కాలినడకను వేలకొలది జనము వచ్చిరి. ముండా, ఓరావున్, సంతాల్, హో జాతులవారు ఒక్క పందిరి క్రింద చేరుట గొప్ప సంగతి. ఛోటానాగపూరు, సంతాల్ పరగణాలు బీహారునుండి వేఱుచేసి ప్రత్యేక రాష్ట్రముగా నేర్పఱుపవలెనని ఆ యుద్యమము కోరెను. నాడు ప్రజలు ఆయనకు మరంగ్ గోమ్కే యని బిరుదమిచ్చిరి. మహానాయకుడని దాని యర్థము. ప్రమోద్ పహన్ ఇరువదియేండ్ల పైబడిన ప్రవాసము తరువాత ఇంటికి వచ్చెను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని సామెత. ఆయన విషయమున అది తలక్రిందయ్యెను. రచ్చ గెలిచి వచ్చినవానికి ఇల్లు అంత సులభముగా చిక్కలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆదివాసులను సైన్యమున చేర్చుటకు ఆయన బ్రిటిషు ప్రభుత్వమునకు తోడ్పడుట జాతీయవాదులకు రుచింపలేదు. 1946లో బీహారు శాసనసభకు పోటీచేసి ఓడిపోయెను. కాని యా సంవత్సరమే బీహారునుండి రాజ్యాంగసభకు సభ్యుడుగా ఎన్నికయ్యెను.

1946 డిసెంబరు 13న జవహర్‌లాల్ నెహ్రూ రాజ్యాంగసభలో లక్ష్యముల తీర్మానమును ప్రతిపాదించెను. దానిపై డిసెంబరు 19న జైపాల్ సింగు ప్రసంగించెను. తాను అడవివాడనని చెప్పుకొనుటకు సిగ్గుపడక గర్వించెను. తన జనుల చరిత్ర యెల్ల పరుల దోపిడిచేతను, దానిపై తిరుగుబాట్లచేతను నిండినదని వివరించెను. ఆదివాసులకు ప్రజాస్వామ్యము నేర్పవలసిన పనిలేదనియు, వారినుండియే ఇతరులు నేర్చుకొనవలెననియు నిర్భయముగా పలికెను. సభలో పురుషులే నిండియుండిరి, స్త్రీలు మఱింత మంది కావలెనని కోరెను. ఇంత చెప్పియు తీర్మానమును బలపఱచెను. స్వతంత్ర భారతమున అందఱికిని సమానావకాశము లభించునను మాటను నమ్ముచున్నానని ప్రకటించెను. గతమును మఱువక, అయినను నమ్ముట: ఇది సామాన్యమైన గుండెకు సాధ్యమగు పని కాదు.

తరువాతి చర్చలలో ఆయన తన కావలి విడువలేదు. తన జనులను ఆదివాసులనియే పిలువవలెనని పట్టుపట్టెను. రాజ్యాంగము షెడ్యూల్డు తెగలు అను పదమునే నిలుపుకొనెను. మద్యనిషేధమును గూర్చిన చర్చలో, ముండాల పూజలలో బియ్యపు సారకు గల స్థానమును వివరించి, ఒకరి మతాచారమును ఇంకొకరి నీతి తూనికతో తూచరాదని వాదించెను. ఠక్కర్ బాపా అధ్యక్షతన ఏర్పడిన ఆదివాసి ప్రాంతముల ఉపసంఘములో సభ్యుడుగా కూడ పనిచేసెను.

ఆ చర్చల ఫలముగా రాజ్యాంగమున నిలిచిన అయిదవ షెడ్యూలు తెలుగుదేశమునకు కూడ సంబంధించినది. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి అన్యుల చేత పడకుండ గవర్నరు నిబంధనలు చేయవచ్చునని అది అధికారమిచ్చినది. ఆ యధికారమును బట్టియే ఆంధ్రప్రదేశమున 1959లో భూబదలాయింపు నిబంధన పుట్టెను. దానిని సవరించి మఱింత గట్టిచేసిన 1970వ సంవత్సరపు మొదటి నిబంధనను ప్రజలు 1/70 చట్టమందురు. షెడ్యూల్డు ప్రాంతమున భూమి గిరిజనునకు దక్క అన్యునకు బదలాయింపరాదనుట దాని సారము. ఏజెన్సీ భూముల అడంగలు చూచినవారికి ఈ రెండంకెల బరువు తెలియును. ఆ షెడ్యూలు రూపొందిన చర్చలలో టకరా పల్లెవాని కంఠమును ఉండెనని మాత్రము పెక్కుమందికి తెలియదు.

1950లో ఆదివాసి మహాసభ జార్ఖండు పార్టీగా మాఱి, ఆదివాసులు కాని వారికిని తలుపు తెఱచెను. కోడిపుంజు గుర్తుపై 1952 ఎన్నికలలో బీహారు శాసనసభలో 32 స్థానములు గెలిచి ప్రధాన ప్రతిపక్షమయ్యెను. జైపాల్ లోక్‌సభ కెన్నికయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడి తెలుగువారి కోర్కె నెఱవేఱెను. తెలుగువారి కందఱికిని ఒక్క భాష గలదు. జార్ఖండువారికి అట్టి ఒక్క భాష లేదు. ముండారీ, సంతాలీ, హో, కురుఖ్ వేర్వేఱు భాషలు. ఆదివాసులు ఆ ప్రాంతమంతట అధికసంఖ్యాకులును కారు. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము వారి కోర్కెను త్రోసిపుచ్చెను.

ఆ దెబ్బతో పార్టీ క్రమముగా నీరసించెను. 1962లో 20 స్థానములే దక్కెను. 1963 జూన్‌లో జైపాల్ తన పార్టీని కాంగ్రెసులో విలీనము చేసెను. స్వల్పకాలము బీహారు మంత్రివర్గమున నుండెను. అధికారమునకు వెలుపల నిలిచి రాష్ట్రమును సాధింపలేనప్పుడు లోపల నుండి యత్నించుట మేలని ఆయన పక్షమువారు చెప్పిరి. కోడిపుంజును నమ్మి వోటు వేసిన పల్లెలవారికి అది రుచింపలేదు. అనుచరులు పెక్కుమంది దూరమైరి. ఆంస్టర్‌డాంలో ఆయన జట్టును విడువగా జట్టు గెలిచెను. రాంచీలో ఆయన జట్టును వెంటబెట్టుకొని ఎదుటి పక్షమున చేరగా, జట్టే లేకపోయెను. ఆయన జీవితమున మిక్కిలి బాధాకరమైన ఘట్టము ఇదియే యని చెప్పవలెను. గొప్పవారి తప్పటడుగులను దాచుట వారికి గౌరవము కాదు. అవి తెలిసినపుడే వారి నడక యెంత దూరమో తెలియును.

కడవఱకు పార్లమెంటు సభ్యుడుగానే యుండి, 1970 మార్చి 20న ఢిల్లీలో జైపాల్ సింగు దివంగతుడయ్యెను. మంటి మనిషిని మరల టకరా మట్టికే చేర్చిరి.

ముప్పదియేండ్లు గడచెను. 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతినాడు, రాంచీ రాజధానిగా జార్ఖండు రాష్ట్రము అవతరించెను. మైదానమున తుదియాట ముగిసినప్పటివలెనే, ఆనాడును నాయకుడు లేడు. ఇక ఆయన చేపట్టిన ఆట సంగతి. ఆ కొండపల్లెల పిల్లలు వెదురుకఱ్ఱలతో, చెట్టుకొమ్మలతో హాకీ నేర్చిరి. సిమ్‌డేగా ప్రాంతపు మైకేల్ కిండో 1975లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నుండెను. సిల్వానుస్ డుంగ్‌డుంగ్ 1980లో మాస్కో ఒలింపిక్ స్వర్ణము తెచ్చిన జట్టులో నుండెను. ఇద్దఱును జైపాల్ వలెనే రక్షకులుగా ఆడినవారు. జైపాల్ పుట్టిన ఖూంటీ ప్రాంతమునుండియే నిక్కీ ప్రధాన్ అను బాలిక 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు పోయెను.

జైపాల్ సింగు జీవితమునుండి యువకులు గ్రహింపవలసినది పదవిని తృణీకరింపుమని కాదు. పదవులు చేయువారును లోకమునకు కావలసినవారే. చదువు ఎంత దూరము తీసికొనిపోయినను, పుట్టిన పల్లె పిలిచినపుడు తిరిగి రాగల దారిని మఱువరాదని గ్రహింపవలెను. తాను కాచిన గోలులోనికి బంతి పోకుండుటయే రక్షకుని గెలుపు. దానికి పతకము వచ్చునా, చప్పట్లు మ్రోగునా అన్నది వేఱు లెక్క.